కాలేజీ పెరిగింది, వీధి పెరగలేదు: విజయనగరంలో ఏడాది అర్జీల అనుభవం

2024 జూన్‌లో మా కాలనీ చివరనున్న ప్రైవేటు కాలేజీలో నాలుగంతస్తుల కొత్త బ్లాకు, దాని వెనక ఆడపిల్లల హాస్టలు మొదలయ్యాయి. 2025 జూన్‌కి ఆ కాలేజీ బస్సులు మా వీధిలో నిలబడడం మానేశాయి. ఈ మధ్యలో ఏ కాగితం ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ నెలల తరబడి ఆగిపోయిందో రాస్తున్నాను. విజయనగరంలో కాలేజీ లేని పేట తక్కువ. రేపు ఇంకో వీధివాళ్లకి ఇదే అవసరం పడొచ్చు.

అంతకుముందు ఆ కాలేజీకి ఏడెనిమిది బస్సులు వచ్చేవి. ఆ జూన్‌తో ఇరవై దాటాయి. గజపతినగరం, చీపురుపల్లి, నెల్లిమర్ల, ఎస్.కోట, భోగాపురం, అన్ని వైపుల నుంచీ పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా రింగు రోడ్డు దిగి మా వీధిలోకి తిరుగుతాయి. మాది ముప్పై అడుగుల వీధి. కరెంటు స్తంభాలు, కాలవ గట్లు, కుర్రాళ్లు గోడల వెంట నిలిపిన బళ్లు పోను బస్సు పట్టడమే కష్టం. ఎదురుగా ఇంకో బస్సు వస్తే ఒకటి వెనక్కి వెళ్లాలి. ఆ వెనక్కి వెళ్లే హారను, ముందున్న బస్సు హారను, మధ్యలో ఇరుక్కున్న ఆటోల హారన్లు కలిసి అరగంట మోగేవి. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా ఇంకా ఘోరం. పిల్లలందరూ ఎక్కేదాకా బస్సులు ఇంజను ఆపకుండా మా గుమ్మాల ముందే ఉండేవి. గ్యాస్ బండి అబ్బాయి సాయంత్రం పూట మా వీధికి రానని చెప్పేశాడు. చెత్త బండి వేళ మారిపోయింది.

దీనికి తోడు జనరేటరు. కొత్త బ్లాకు కోసం తెచ్చిన పెద్ద జనరేటరుని మా పెరటి గోడకి అవతల, రేకుల షెడ్డులో పెట్టారు. నేను ఇంట్లో పిల్లలకి వయొలిన్ నేర్పుతాను. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్న విద్య అది, నాకు అన్నం పెడుతున్నదీ అదే. క్లాసు సాయంత్రం నాలుగున్నరకి. వానాకాలం కరెంటు పోవడం మామూలు. జనరేటరు వేయగానే కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. మేం ఒకటిన్నర శ్రుతిలో సరళీ స్వరాలు వాయిస్తుంటే, కాసేపటికి చిన్నపిల్లల వేలు తీగ మీద దానంతటదే జరిగి జనరేటరు గొంతులో కలిసిపోయేది. చెవి ఇంకా కుదరని పిల్లలు వాళ్లు. గదిలో ఏ నాదం బలంగా ఉంటే దాన్నే షడ్జమం, అంటే ఆధారమైన ‘స’ అనుకుంటారు. ఈ బాధ చెబితే ఆఫీసుల్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద నష్టం అదే. ఆ ఏడాది ఇద్దరు పిల్లల్ని వాళ్ల అమ్మలు మాన్పించారు. బస్సుల మధ్యలోంచి స్కూటీ మీద పిల్లని తీసుకురావడం భయంగా ఉందన్నారు. కిటికీలకి రెండు పొరల అద్దాలు వేయించుకుందామని అడిగితే ఒక్క ముందు గదికే నలభై వేలు చెప్పారు. వేయించలేదు.

ఆగస్టు 9న, శ్రావణ శుక్రవారం పూజ అయ్యాక, నేనూ పక్కింటి లాయరు మావయ్యగారూ ఎదురింటివాళ్లూ కలిసి కాలేజీకి వెళ్లాం. ప్రిన్సిపాలు గారు మర్యాదగానే మాట్లాడారు. కాఫీ ఇప్పించారు. మేనేజ్‌మెంటుతో మాట్లాడతానన్నారు. మేం చేతిలో పెట్టిన కాగితం మీద మాత్రం అందినట్టు సంతకం పెట్టలేదు. “ఇక్కడ అలాంటి పద్ధతి లేదండీ” అన్నారు. బయటికొచ్చాక మావయ్యగారు నాతో అన్న మాట: “అమ్మా, అదే కాగితాన్ని రేపు రిజిస్టరు పోస్టులో పంపు. అక్నాలెడ్జిమెంటు కార్డు ఇంటికొస్తుంది.” వచ్చింది. ఆ తరవాత ప్రతి మెట్టులోనూ ఆ కార్డు పనికొచ్చింది. “ముందు కాలేజీవాళ్లని అడిగారా?” అన్నదే అందరూ వేసే మొదటి ప్రశ్న.

ఆ నెలంతా అర్జీ మీద వీధివాళ్ల సంతకాల కోసం తిరగడమే. ఇది ఇంత బాధ పెడుతుందని అనుకోలేదు. మా వీధిలో ఆ కాలేజీ మీద బతికేవాళ్లు చాలామంది. మేడ మీద గదులు కట్టి పిల్లలకి అద్దెకిచ్చినవాళ్లు, టిఫిను బండి, కర్రీ పాయింటు, జిరాక్సు కొట్టు. మూలింటి అప్ప నాకు పాతికేళ్ల పరిచయం. భర్త పోయాక బ్యాంకు అప్పు చేసి పైన నాలుగు గదులు వేసింది. కాగితం చూసి పక్కన పెట్టేసింది. “నీకేటమ్మా, నీ ఇంటికి వాయిద్యం ఉంది. నాకు ఆ గదులే ఉన్నాయి. కాలేజీకి కోపం వస్తే పిల్లల్ని మా ఇంట్లో ఉండొద్దంటారు” అంది. తను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆ రాత్రి కూర్చుని అర్జీ మొత్తం మళ్లీ రాశాను. కాలేజీ వద్దు, విస్తరణ ఆపండి అన్న మాట ఎక్కడా లేకుండా చేశాను. బస్సులు ఆవరణలోపల ఆగాలి, జనరేటరు గోడ నుంచి జరగాలి, పిల్లల బళ్లకి లోపల చోటు చూపాలి, రాత్రి పది దాటాక మైకు ఉండకూడదు. అంతవరకే. అలా రాశాక టిఫిను బండి ఆయన కూడా సంతకం పెట్టాడు. అప్ప అప్పటికీ పెట్టలేదు.

సెప్టెంబరు 7న వినాయక చవితి. మా కాలనీ పందిట్లో మైకు రాత్రి పదకొండున్నర దాకా మోగడం ఏటా ఉన్నదే. ఈసారి కమిటీ కుర్రాళ్లని కూర్చోబెట్టి చెప్పాం: మనం ఒకళ్ల శబ్దం మీద అర్జీ పెడుతున్నాం, మన మైకు పదికి ఆగాలి. మొహాలు మాడ్చుకున్నారు గాని ఆపారు. ఆపడం మంచిదైంది. తరవాత జరిగిన సమావేశంలో కాలేజీవాళ్లు మొట్టమొదట ఎత్తింది మా చవితి పందిరి సంగతే.

ఇక సమాచార హక్కు. కొత్త బ్లాకుకి మంజూరైన ప్లానులో పార్కింగు ఎక్కడ చూపారో, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు (కట్టడం వాడుకోవచ్చని ఇచ్చే కాగితం) ఇచ్చారో లేదో, ఆ కాగితాల నకళ్లు ఇవ్వమని ప్లాను మంజూరు చేసిన ఆఫీసులో సెప్టెంబరు 18న దరఖాస్తు పెట్టాను. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలని అందరికీ తెలుసు. మనం అడిగినది మూడో మనిషికి, ఇక్కడ కాలేజీకి, సంబంధించిన కాగితమైతే సంగతి వేరు. 11వ సెక్షను కింద ఆఫీసు వాళ్లు 5 రోజుల్లో ఆ మూడో మనిషికి నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెప్పడానికి వాళ్లకి 10 రోజులు. అప్పుడు గడువు 40 రోజులు అవుతుంది. అంటే మనం అడిగిన సంగతి కాలేజీకి తెలుస్తుంది. ఇది ముందే తెలిసి ఉంటే మంచిది, మనసు సిద్ధంగా ఉంటుంది.

అక్టోబరు మొదటి వారంలో కాలేజీ నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చారు. పిల్లలు క్లాసులో ఉన్నారు. గుమ్మంలోనే నిలబడి, “టీచరమ్మా, మీరూ ఇంట్లో క్లాసులు నడుపుతున్నారు. ఇది నివాసాల కాలనీయే కదా. ట్రేడు లైసెన్సు ఉందేటి? మీ ఫిడేళ్ల చప్పుడు మీద ఎవరైనా అర్జీ పెడితే?” అన్నారు. పిల్లల ముందు. గొంతు పెంచలేదు, నవ్వుతూనే అన్నారు. నా చేతులు వణికాయి. క్లాసు మధ్యలో ఆపేసి పిల్లల్ని పంపించేశాను. ఆ వారం నిద్ర లేదు. మావారు వదిలేద్దామన్నారు. మా ఇంట్లో ఆరుగురు పిల్లలు గంటసేపు వాయించే వయొలిన్, రేకుల షెడ్డులో రోజూ మోగే ఇంజను ఒకటేనా అని నాలో నేనే వాదించుకుంటూ కూర్చున్నాను. అక్టోబరు 15న పైడితల్లమ్మ సిరిమాను. ఊరంతా కోట దగ్గరే ఉంది. నేనూ వెళ్లాను. తిరిగొచ్చాక వదలకూడదని తేల్చుకున్నాను. భయపెట్టడానికి మనిషిని పంపారంటే ఆ ప్లానులో ఏదో ఉండే ఉంటుంది.

దీపావళి ముందు రోజు ఉత్తరం వచ్చింది. పేజీకి 2 రూపాయల లెక్కన నకళ్లు తీసుకోవచ్చని, పెద్ద ప్లాను షీట్లకి వేరే ఖర్చవుతుందని. మావయ్యగారి సలహా మీద ముందు ఫైలు చూస్తానని అడిగాను. చూడడం కూడా హక్కే, మొదటి గంటకి రుసుము లేదు. నవంబరు మొదటి వారంలో ఆఫీసులో బల్ల మీద ఆ షీట్లు పరిచారు. ప్లానులో కొత్త బ్లాకు సెల్లారంతా పార్కింగు. గళ్లు గీసి, బండి బండికీ చోటు చూపించారు. ఆ సెల్లారులో అప్పటికి నడుస్తున్నది హాస్టలు భోజనశాల, పుస్తకాలూ యూనిఫారాలూ అమ్మే కొట్టు. వీధి గోడల వెంట బళ్లు ఎందుకు చేరుతున్నాయో అక్కడ తెలిసింది. ఇంకొకటి. ప్లానులో వెనక వైపు, రింగు రోడ్డు మీదికి రెండో గేటు ఉంది. నేల మీద ఆ చోట ఇటుక గోడ ఉంది.

ఆ రెండు షీట్ల నకళ్లు చేతికి వచ్చాక మా మాటకి బరువు వచ్చింది. అంతకుముందు మేం చెప్పేది గోల. ఇప్పుడు చెప్పేది కాగితం.

మావయ్యగారు ఇంకో పని చేయించారు. అర్జీని నాలుగు ముక్కలు చేయించారు. ‘ట్రాఫిక్, శబ్దం’ అని ఒకే కాగితం మీద రాస్తే అది ఎవరి బల్ల మీద పడినా ‘మా శాఖది కాదు’ అని పక్క బల్లకి పోతుంది. అందుకని సెల్లారు, గేటు సంగతి ప్లాను మంజూరు చేసిన ఆఫీసుకి ఒక కాగితం. బస్సులు వీధిలో ఆగడం ట్రాఫిక్ పోలీసులకి. జనరేటరు, శబ్దం పొల్యూషన్ బోర్డుకి. రాత్రిపూట మైకు స్టేషనుకి. శబ్దం కాగితంలో ఆయన నాచేత ఒక వాక్యం తీయించారు. కాలేజీ చుట్టూ 100 మీటర్లు దానంతటదే నిశ్శబ్ద మండలం అని చాలామంది రాస్తారు. 2017లో నిబంధన మారింది, ప్రభుత్వం ఫలానా చోటని ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద మండలం. అందుకని నివాస ప్రాంతం లెక్కే పట్టుకున్నాం: పగలు 55 డెసిబెల్సు, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా 45.

2025 జనవరి 6, సోమవారం, కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఆధారు, ఫోను నంబరు తప్పనిసరి. అర్జీ రాసిపెట్టేవాళ్లు అక్కడే ఉంటారు గాని ఇంటి దగ్గర రాసుకుని, రెండు జిరాక్సులు ఉంచుకుని వెళ్లడమే మేలు. తొమ్మిదింటికల్లా వరస పెద్దదైపోయింది. ముందున్నవాళ్లు పింఛన్లు, భూమి సర్వేలు, పాసుపుస్తకాల కోసం వచ్చినవాళ్లు. బొండపల్లి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా కాగితాలు చూసి “ఏటి తల్లీ, నీదీ భూమి తగువేనా?” అంది. చప్పుడు గురించి అని చెప్పడానికి సిగ్గేసింది. ఆమె కష్టం ముందు నాది ఎంత అనిపించింది. అయినా నా వంతు వచ్చాక గట్టిగానే చెప్పాను. నాలుగు కాగితాలకీ నాలుగు నంబర్ల రసీదులు ఇచ్చారు. ఆ నంబర్లు జాగ్రత్త. 1100కి ఫోను చేసి ఏదెక్కడుందో కనుక్కోవడానికి అవే ఆధారం.

ట్రాఫిక్ పోలీసులు ఆ వారమే వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. బస్సులు కదిలాయి. సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ మామూలే. భోగి నాడు ఫోనుకి మెసేజి: ఒక అర్జీ ‘పరిష్కరించబడింది’. ఏ శాఖదో చెప్పను గాని, ఎవరూ వచ్చి చూడనే లేదు. పిండివంటల మధ్య అది చదివి కళ్లనీళ్లు వచ్చాయి. అలా మూసేసిన అర్జీని మళ్లీ తెరిపించుకోవచ్చు. జనవరి 27, సోమవారం వెళ్లి తెరిపించాను. రెండ్రోజులకే ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్ వచ్చింది. ఫిబ్రవరి 27న పోలింగు, మార్చి 3న లెక్కింపు. అప్పటిదాకా సోమవారం అర్జీలు లేవు. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ఎన్నికల క్యాలెండరు కూడా చూసుకోవాలి.

కోడ్ ఉన్నా కొలతలు ఆగలేదు. ఫిబ్రవరి మూడో వారంలో ఒక సాయంత్రం పొల్యూషన్ వాళ్లు మీటరుతో వచ్చారు. నేను ఫోను యాప్‌లో కొలిచి రాసి పెట్టుకున్న అంకెలు చూపించాను. “ఇవి లెక్కలోకి రావు మేడమ్, అయినా ఏ టైముకి రావాలో ఇవే చెప్పాయి” అన్నారాయన. అందుకే కొలిచి రాసుకోండి, వేళతో సహా. మా వరండాలో స్టాండు పెట్టి, కరెంటు ఉన్నా జనరేటరు వేయించి, ఒకసారి వేసి, ఒకసారి ఆపి, సగటు కొలిచారు. జనరేటరూ బస్సులూ కలిసి 72. బస్సులు ఒక్కటే 64. పరిమితి మీద 10 డెసిబెల్సు దాటితే ఫిర్యాదు నిలుస్తుంది. జనరేటరుతో అది దాటింది, బస్సులతో మాత్రం దాటలేదు. కాగితాన్ని ముక్కలు చేయడం ఇక్కడ కాపాడింది. బస్సుల సంగతి శబ్దం మీద ఆధారపడకుండా ట్రాఫిక్ కాగితంలో విడిగా బతికింది. జనరేటరుకి శబ్దం అడ్డే పెట్టె ఉండాలి, పెట్టెకి మీటరు దూరంలో 75 దాటకూడదు, పొగగొట్టం షెడ్డు మీద తగినంత ఎత్తులో ఉండాలి అని ఆయన అక్కడే వివరించారు. 100 కేవీఏ జనరేటరుకైతే ఆ ఎత్తు షెడ్డు కప్పు మీద 2 మీటర్లు. మా గోడ పక్కన ఉన్నదానికి పెట్టే లేదు, ఎత్తూ లేదు.

మార్చిలో ఇంటరు పరీక్షలు. ఆ కాలేజీ పరీక్షా కేంద్రం. ఆ మూడు వారాలూ బస్సులు రింగు రోడ్డు పక్క ఖాళీ జాగాలో ఆగాయి, పిల్లలు నడిచి వెళ్లారు, హారను ఒక్కటి మోగలేదు. కాలేజీ వాచ్‌మనే మూలన నిలబడి ఆటోల్ని మెల్లగా పొమ్మనేవాడు. చేయలేమని కాలేజీవాళ్లు నెలల తరబడి చెబుతున్న పని అదే. రోజూ ఫొటోలు తీశాను. వాచ్‌మన్‌కి నమస్కారం కూడా పెట్టాను, అతను బాగా చేశాడు.

అదే నెలలో, వెనక్కి తిరుగుతున్న ఆటో ఒకటి, దాన్ని తప్పించబోయిన కాలేజీ వ్యాను ఒకటి కలిసి మూలింటి అప్ప గేటు స్తంభం పడగొట్టాయి. డబ్బిస్తామన్నారు గాని తిప్పుతున్నారు. ఆ సాయంత్రం అప్ప మా ఇంటికొచ్చి, “ఆ కాగితం ఇలా తే” అంది. సంతకం పెట్టి, మాతోపాటు సమావేశానికీ వచ్చింది. “మా గదుల్లో ఉన్నది ఈ కాలేజీ పిల్లలే. వాళ్లు రోడ్డు దాటుతుంటే నాకు గుండె ఆగుతుంది బాబూ” అని అధికారుల ముందు ఆవిడ చెప్పిన మాట మా అందరి కాగితాల కంటే బాగా పనిచేసింది.

ఆ సమావేశం ఏప్రిల్‌లో, కాలేజీ సెమినారు హాల్లో. అన్ని శాఖలవాళ్లూ ఒకేసారి రావడానికి అంత కాలం పట్టింది. సెల్లారు ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. కాలేజీ సంతకం పెట్టిన హామీపత్రం నకలు మాకూ ఇవ్వాలని అడిగి, అక్కడే తీసుకున్నాం. తరవాత పంపుతామంటే ఒప్పుకోవద్దు. బస్సుల విషయంలో మాకు కలిసొచ్చింది క్యాలెండరు. విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. ఆ తరవాత పరీక్ష చేయించుకోకుండా రోడ్డెక్కడానికి లేదు. బస్సులు ఎక్కడ నిలుపుతారో తేల్చమని అడగడానికి అదే సరైన వేళ. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీకి అడగగానే జవాబివ్వాలన్న తొందర ఉంటుంది. జూలైలో ఉండదు.

మే నెలలో జనరేటరుని హాస్టలు వెనక్కి జరిపి పెట్టె బిగించారు. మొదటిసారి అది వేసినప్పుడు నాకు తెలియనే లేదు, లైట్లు చూసి తెలుసుకున్నాను. జూన్ 2న కాలేజీ తెరిచారు. ఇప్పుడు మొదటి ఏడు పిల్లల్ని నాలుగుంపావుకి, రెండో ఏడు వాళ్లని పావుతక్కువ ఐదుకి వదులుతున్నారు. బస్సులు లోపలికి వెళ్లి పిల్లల్ని ఎక్కించుకుని వస్తున్నాయి. బళ్లు చాలావరకు సెల్లారులోకి వెళ్లాయి. మానేసిన ఇద్దరు పిల్లల్లో ఒకమ్మాయి తిరిగొచ్చింది.

అన్నీ తీరలేదు. ఆదివారాలు హాస్టల్లో స్పీకర్లు పెడతారు. పగలే కాబట్టి ఫోను చేసి తగ్గించమని అడగడమే. పొద్దున్నపూట బస్సులన్నీ ఇప్పటికీ మా వీధి గుండానే వస్తాయి, ఎందుకంటే రింగు రోడ్డు మీదికి ప్లానులో ఉన్న రెండో గేటు ఇంకా ఇటుక గోడగానే ఉంది. మధ్యలో కొంత జాగా వేరేవాళ్లదని కాలేజీ అంటోంది. అది నిజమైతే ప్లానులో ఎలా చూపారని, ఆ జాగా కాగితాలు ఏవని జూలై 7న మళ్లీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఇదీ మూడో మనిషి కాగితమే కాబట్టి ఆగస్టు 16 దాకా ఆగాలి. అప్పటికీ రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. దానికి ఫీజు లేదు. అప్పీలు కాగితం లాయరు మావయ్యగారు రాసి సిద్ధంగా ఉంచారు, ఈసారి మొదటి సంతకం అప్పది.